ఐసు ఫ్యాక్టరీలో తీసిన మూగ షాట్

దెయ్యాల సంగతిలో నేను మొండిదాన్నని ముందే చెప్పేస్తున్నాను. ఇంటర్మీడియట్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకుని బతుకుతున్నదాన్ని. పురోహితుల ఇంట్లో పుట్టి కూడా తాయెత్తు కట్టుకోలేదు, ఎవరిచేతా దిష్టి తీయించుకోలేదు. "చూశారా, చివరికి ఆవిడ కూడా నమ్మింది" అనుకుందామని చదవడం మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడితో ఆపేయవచ్చు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మమని ఎవర్నీ అడగను.

ఇంకో సంగతి కూడా దాచను. నాకు హత్యల సినిమాలంటే ఇష్టం. అందులోనూ జాలో సినిమాలంటే ప్రాణం.

జాలో అంటే ఇటలీ భాషలో పసుపు రంగు. ఒకప్పుడు అక్కడ చవక డిటెక్టివ్ నవలలు పసుపు అట్టలతో వచ్చేవట. ఆ నవలల పోకడలో తీసిన సినిమాలకీ అదే పేరు స్థిరపడింది. నల్ల చేతి తొడుగులు వేసుకున్న హంతకుడు, కిటికీ అద్దాల మీద ఎర్ర దీపం, మలుపులు తిరిగే మెట్లు. వీటన్నిటి మధ్య హత్యని కళ్ళారా చూసిన ఒక మనిషి. చూసిందేమిటో ఆ మనిషికి సరిగ్గా గుర్తుకు రాదు. కథంతా ఆ ఒక్క గుర్తు కోసమే.

ఈ సినిమాలు మూలన పడిపోయాయనుకున్నారు. పడిపోలేదు. పాత ప్రింట్లు శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు. యూరప్‌లో కొత్త తరం దర్శకులు అవే రంగులతో, అదే భయంతో కొత్త సినిమాలు తీస్తున్నారు. వాటి గురించి మాట్లాడుకునే తెలుగువాళ్ళ గ్రూపు ఒకటి నెట్‌లో ఉంది. అందులో నేనూ ఉన్నాను.

"ఆడదానివై ఉండి ఆడవాళ్ళని పొడిచి చంపే సినిమాలు ఎలా చూస్తావే?" అని మా బాబాయ్ చాలాసార్లు అడిగారు. ఆయన మా నాన్న తమ్ముడు. ఏలూరు పవర్‌పేటలో ఉంటారు, పౌరోహిత్యం మానేసి కొన్నేళ్ళయింది. ఆయనకి నేను చెప్పిన జవాబే ఇక్కడా చెబుతాను. ఆ సినిమాల్లో చాలా వాటిలో ఒక ఆడమనిషి నిజం చూస్తుంది. పోలీసులు నమ్మరు, మొగుడు నమ్మడు, డాక్టరు నిద్రమాత్రలిస్తాడు. అప్పుడు తనే బయల్దేరి తేల్చుకుంటుంది. అది నాకు నచ్చుతుంది. నచ్చినందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

నాతో కలిసి ఆ సినిమాలు చూసేది మా అక్కయ్య శారద. మేమిద్దరం వట్లూరులో ఒకే ఇంట్లో ఉంటాం. అక్కయ్యకి చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. అప్పటికే మాటలు వచ్చేశాయి కాబట్టి మాట్లాడుతుంది. ఎదుటివాళ్ళ మాటలు పెదవులు చూసి తెలుసుకుంటుంది.

ఆ విద్య నేర్పింది అమ్మ. మధ్యాహ్నం పూట కిటికీ పక్కన, తన మొహం మీద వెలుగు పడేలా కూర్చునేది. ఏలూరు స్టేషన్‌లో పుస్తకాల కొట్టులో కొన్న డిటెక్టివ్ నవలలు అక్కయ్యకి చదివి వినిపించేది. 'వినిపించేది' అన్నానే గానీ గొంతు ఉండేది కాదు. పక్కగదిలో తాతగారు పడుకునేవారు. కోడలు హత్యల పుస్తకాలు చదువుతోందని తెలిస్తే ఇల్లు ఎగిరిపోయేది. అందుకని అమ్మ ఒట్టి పెదవులతో చదివేది. ప్రతి వాక్యానికి ముందు రెండు పెదవులూ ఒకసారి లోపలికి మడిచేది. 'ఇదిగో, మొదలుపెడుతున్నాను, చూడు' అన్నట్టు. అక్కయ్యతో మాత్రమే అలా మాట్లాడేది. నాతో ఎప్పుడూ లేదు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది.

ఆ గ్రూపులోనే పరిచయమయ్యారు సుబ్బరాజు గారు. కైకలూరులో చేపల మేత కొట్టు ఆయనది. మా జిల్లాలోనే ఇంకో జాలో పిచ్చివాడు ఉన్నాడని తెలిసిన రోజు నాకు పండగే. ఓ రోజు ఫోన్ చేసి, "మేడం గారూ, ఎన్నాళ్ళండీ వాళ్ళు తీసినవి చూడ్డం? మనం ఒకటి తీద్దామండి. చిన్నదే" అన్నారు. కెమెరా ఆయన కొన్నారు. కథ నేను రాశాను. ఏ దృశ్యంలో ఏ రంగు ఉండాలో, చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కయ్య చెప్పింది.

నటించడానికి వనజ ఒప్పుకుంది. తాడేపల్లిగూడెంలో బ్లౌజులు కుట్టే షాపు ఉంది తనకి. కాలేజీ రోజుల్లో నాటకాలు వేసిన పిల్ల. సినిమాలో వేసుకునే పసుపు కోటు కూడా తనే కుట్టుకుంది.

సుబ్బరాజు గారి బంధువులది ఒక ఐసు ఫ్యాక్టరీ, కైకలూరు దాటాక చేపల చెరువుల మధ్య మూతపడి ఉంది. ఐసు ఫ్యాక్టరీ లోపల నేలంతా ఒకటే పెద్ద తొట్టి. అందులో ఉప్పునీళ్ళు నింపి, ఐసు గడ్డకట్టే ఇనుప డబ్బాలు వరసగా దింపుతారు. పైన చెక్క మూతలు పరుస్తారు. చూడటానికి చెక్క నేలలా ఉంటుంది, పనివాళ్ళు దాని మీదే నడుస్తారు. మేం వెళ్ళేటప్పటికి తొట్టి ఎండిపోయింది. అడుగున తుప్పుపట్టిన డబ్బాలు కొన్ని మిగిలాయి. పైన చెక్కలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. పైన కిటికీలకి నీలం కాయితాలు అంటించాం. ఆ వెలుగు చెక్కల మీద సరిగ్గా ఒక్కచోట పడింది. వనజ అక్కడికి నడిచి వచ్చి, ఎదురుగా హంతకుడి చెయ్యి చూసి, కేక వెయ్యాలి. మాటలేమీ లేవు. ఉన్నా రికార్డు చెయ్యలేం, చుట్టూ చెరువుల్లో గాలి కొట్టే మోటార్ల హోరు. పాత జాలోలు కూడా మూగగా తీసి తర్వాత డబ్బింగ్ చెప్పినవే కదా, మనమూ అలాగే చేద్దాం అనుకున్నాం.

సుబ్బరాజు గారి కెమెరా ఎదురుగా ఉంది. నా ఫోన్ పక్కన స్టాండు మీద పెట్టి ఆన్ చేశాను. వనజ నడిచింది, ఆగింది. పైదూలం మీంచి ఒక పావురం లేచి ఎగిరిపోయింది. తర్వాత వనజ కేక వేసింది. అంతే. భోజనాల వేళకి సర్దుకుని వచ్చేశాం. కెమెరా కార్డు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

ఇంటికొచ్చి కాఫీ తాగి, అక్కయ్యా నేనూ ఆ షాట్ చూడటానికి కూర్చున్నాం. కేక దగ్గర ఫోకస్ కొంచెం పోయిందని నేను విసుక్కుంటున్నాను. అక్కయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వనజ ఏదో అందే" అంది.

"అనలేదు. మాటలే లేవుగా."

"మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశాను. పావురం ఎగిరింది. వనజ రెండు పెదవులూ లోపలికి మడిచింది. తర్వాత ఆ పెదవులు నెమ్మదిగా, విడివిడిగా కదిలాయి. తర్వాత కేక.

అక్కయ్య మొహం తెల్లబోయింది. తనే ఇంకోసారి వేసుకుని చూసి అంది: "'పాపా, ఆ పిల్లని వెనక్కి రమ్మను.' అలా అంటోంది."

అక్కయ్యని 'పాపా' అని పిలిచింది ఒక్క అమ్మే.

నేను వెంటనే వాదనకి దిగాను. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి. 'అమ్మా' అన్నా 'అబ్బా' అన్నా చూసేవాళ్ళకి తేడా తెలియదు. వనజకి కాలు నొప్పి పుట్టి 'అబ్బా' అనుకుని ఉంటుంది, మిగతాది నువ్వు ఊహించుకున్నావు అన్నాను. అక్కయ్య నన్ను చూసి, "నువ్వు చెవులతో విన్నదాన్ని నేనెప్పుడైనా ఊహ అన్నానా?" అంది.

వనజకి ఫోన్ చేశాను. "నేనేం అనలేదండి. కేక వెయ్యాలన్న గాభరాలో నోరు బిగబట్టుకుని నుంచున్నానండి" అంది. కెమెరాలో రికార్డయిన శబ్దం పెంచి విన్నాను. మోటార్ల హోరు, పావురం రెక్కలు, కేక. మాట లేదు.

అప్పుడు నా ఫోన్‌లో తీసింది గుర్తొచ్చింది. పావురం ఎగిరిన క్షణం రెండు వీడియోల్లోనూ ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన కలిపి వేశాను. పక్కనుంచి తీసిన వీడియోలో వనజ నోరు మూసుకునే ఉంది. కేక వేసేదాకా పెదవి కదల్లేదు.

ఒకే వస్తువుని రెండు చోట్ల నుంచి చూస్తే అది ఉన్న చోటు మారినట్టు కనిపిస్తుందని పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి చెబుతాను. నోరు తెరుచుకుని ఉండటం, మూసుకుని ఉండటం అలా మారదు.

ఈరోజుల్లో మనిషి మొహానికి ఏ మాటైనా అతికించవచ్చని నాకూ తెలుసు. కానీ ఆ కార్డు నా బ్యాగులోంచి నేరుగా మా ఇంటి కంప్యూటర్‌లోకి వెళ్ళింది. ఏలూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఒకాయనకి చూపించాను. "ఫ్రేములు పోతే పెదవులు ఆగిపోతాయండి. లేని మాటలు రావండి" అన్నారాయన.

అక్కయ్య చెప్పింది నిజమో కాదో తేల్చాలనుకున్నాను. తాడేపల్లిగూడెంలో వినికిడి లేని పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన ఒక టీచరుగారున్నారు. మా అమ్మ గురించి గానీ అక్కయ్య గురించి గానీ ఆవిడకి తెలియదు. మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళి, ఏమీ చెప్పకుండా ఆ షాట్ చూపించాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూశారు. "పాపా అనో మామా అనో అంటోందండి. తర్వాత పిల్ల... వెనక్కి... చివర రమ్మను అనుకుంటాను" అన్నారు. ఇంకోసారి చూసి, "ఈ అమ్మాయి మా స్కూల్లాంటి చోట పని చేసిందాండీ?" అని అడిగారు.

"లేదండీ. టైలరింగ్ షాపు నడుపుతుంది. ఎందుకండీ?"

"వినపడని పిల్లలతో ఏళ్ళ తరబడి మాట్లాడినవాళ్ళే ఇలా మాట్లాడతారండి. మామూలు వాళ్ళకి ఈ ఒడుపు రాదు."

నేను కాసిని మంచినీళ్ళడిగి తాగి వచ్చేశాను.

ఫోకస్ పోయిన షాట్ ఎలాగూ మళ్ళీ తియ్యాలి. తర్వాతి ఆదివారం మళ్ళీ ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాం. మానేద్దామని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. నిజం చెప్పాలంటే అక్కడికే వెళ్ళాలన్న పంతం పెరిగింది. అక్కయ్య మాత్రం ఒక షరతు పెట్టింది. వనజ ఆ నీలం వెలుగులో నిలబడకూడదు, వెనక్కి, తొట్టి అంచున ఉన్న సిమెంటు గట్టు మీద నిలబడాలి.

నాకు నచ్చలేదు. ఆ వెలుగు కోసమేగా అంత కష్టపడింది. సుబ్బరాజు గారికీ నచ్చలేదు. "ఫ్రేము పాడవుద్దండి మేడం గారూ" అని గొణిగారు.

వనజే తేల్చేసింది. "పెద్దక్కగారు అంతగా చెబుతుంటే వెనక్కే నుంచుంటానండి. నాకు పోయేదేముంది?"

వనజ వెనక్కి వెళ్ళిపోయేసరికి ఆమె మొహం చీకట్లో పడింది. సుబ్బరాజు గారు ఒక లైటు స్టాండు తెచ్చి, వనజ అంతకుముందు నిలబడ్డ చోటే పెట్టారు. అది కదలకుండా దాని కాళ్ళ మీద మేత బస్తా ఒకటి వేశారు.

షాట్ మొదలైంది. వనజ నడిచి వచ్చి గట్టు మీద ఆగింది. అప్పుడు టప్‌మని ఒక చప్పుడు. నీలం వెలుగు పడిన చోట చెక్కలు విరిగి, స్టాండు, లైటు, బస్తా అన్నీ ఒక్కసారిగా కిందికి వెళ్ళిపోయాయి. అడుగున తుప్పుపట్టిన డబ్బాల అంచుల మీద పడ్డాయి. వనజ కేక వేసింది. మా సినిమాలో మేం డబ్బింగ్ చెప్పించని కేక అదొక్కటే.

వంగి చూశాను. బస్తా నిలువునా చీలిపోయి ఉంది. ఆ లోతు, ఆ ఇనప అంచులు చూశాక అందర్నీ గట్టు మీదికి వచ్చెయ్యమని అరిచాను. సుబ్బరాజు గారు గోడకి ఆనుకుని, "అక్కడ ఆ అమ్మాయిని నిలబెడదామన్నది నేనేనండి" అని మళ్ళీ మళ్ళీ అన్నారు. వనజ అక్కయ్య చెయ్యి పట్టుకుంది, ఇంటికి చేరేదాకా వదల్లేదు.

చెక్కలు విరగడంలో వింతేమీ లేదు. పుచ్చిపోయిన చెక్క, పైన బరువు. ఎవరైనా ముందు కర్రతో తట్టి చూసి ఉంటే తెలిసిపోయేది. మేం తట్టి చూడలేదు. చెక్కల లెక్క నాకు అర్థమవుతుంది. పెదవుల లెక్కే అర్థం కాదు.

సంగతి కైకలూరంతా పాకింది. ఫ్యాక్టరీలో ఎవరో తిరుగుతున్నారన్నారు. ఏలూరుకి వచ్చేసరికి అది మా అమ్మ మీదికి తిరిగింది. బాబాయ్ మా ఇంటికొచ్చి కూర్చోకుండానే మొదలుపెట్టారు.

"ఆ రక్తం సినిమాలు వద్దంటే విన్నారా? చివరికి మీ అమ్మే వచ్చి చెప్పాల్సొచ్చింది. శాంతి చేయించి, ఆ వీడియో తగలెట్టి, ఇంతటితో మానెయ్యండి."

"అమ్మ మానెయ్యమనలేదు బాబాయ్. ఆ పిల్లని వెనక్కి రమ్మంది. జరిపాం. షాట్ తీశాం" అన్నాను.

"పెద్దంతరం చిన్నంతరం లేదుటే నీకు? మీ అమ్మ ఎంత నెమ్మదైన మనిషి! ఈ హత్యలూ అవీ ఆవిడకి గిట్టేవా?"

అప్పుడు చెప్పాను, తాతగారు నిద్రపోతుంటే అమ్మ కిటికీ దగ్గర ఏం చదివేదో. బాబాయ్ నమ్మలేదు. అక్కయ్య ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, "నిజం బాబాయ్. నాకు హంతకులందరూ అమ్మ నోటివెంటే తెలుసు" అంది. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

సినిమా పూర్తి చేశాం. మొదటి రోజు తీసిన షాట్‌లో కేక దగ్గర మొహం మసకగా ఉన్నా, దాన్ని కూడా సినిమాలో ఉంచాలని అక్కయ్య పట్టుబట్టింది. ఆ పెదవులకి డబ్బింగ్ ఏం చెప్పాలని సుబ్బరాజు గారు అడిగితే, "ఏమీ వద్దు. హోరు కూడా తీసెయ్యండి" అంది. ఆ కాస్సేపూ సినిమాలో ఏ శబ్దమూ ఉండదు.

మా అపార్టుమెంటు హాల్లో ఒక ఆదివారం సాయంత్రం నలుగుర్నీ పిలిచి వేశాం. మా కాలేజీ వాళ్ళు, వనజ షాపుకొచ్చే ఆడవాళ్ళు, కైకలూరు నుంచి మేత వ్యాపారులు కొందరు వచ్చారు. శబ్దం ఆగిపోయినప్పుడు వెనకాల ఎవరో "సౌండ్ పోయిందండీ" అని అరిచారు. పోలేదని నేనూ అరిచాను. కొందరికి సినిమా నచ్చింది. కొందరు మొహం చిట్లించుకుని వెళ్ళిపోయారు. వెళ్ళనివ్వండి.

బాబాయ్ కూడా వచ్చారు. వెనక వరసలో తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అందరూ వెళ్ళిపోయాక కూడా లేవలేదు. మేం కుర్చీలు మడుస్తుంటే అక్కయ్య దగ్గరికొచ్చారు. ఎప్పుడూ పక్కకి చూస్తూ గబగబా మాట్లాడే మనిషి, ఆ రోజు అక్కయ్యకి తిన్నగా ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి అడిగారు.

"మా వదిన... నా గురించి ఏమన్నా అందా అమ్మా?"

అక్కయ్య ఆయన పెదవుల వంకే చూసింది. "లేదు బాబాయ్. ఆ పిల్ల గురించే అంది."

"అంతేలే" అన్నారాయన తల ఊపుతూ. "ఎదురుగా ఎవరికి ఆపద ఉంటే వాళ్ళనే చూసేది ఆవిడ." తువ్వాలుతో మొహం తుడుచుకుని, మడిచిన కుర్చీలు రెండు తనే తీసుకెళ్ళి గోడకి ఆనించారు.

శాంతి చేయించలేదు. వీడియో తగలెట్టలేదు. దెయ్యాలున్నాయని నేను ఇవాళ కూడా ఒప్పుకోను. కానీ ఆ రోజు మా అక్కయ్య చూసింది తప్పని అనేవాళ్ళు నా ఎదురుగా వచ్చి అనాలి.

రెండు వీడియోలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఒకదాంట్లో వనజ మాట్లాడుతుంది. రెండోదాంట్లో నోరు విప్పదు. రెండూ ఒకే క్షణంలో, ఒకే చోట, నా కళ్ళముందే తీసినవి. ఇంతకు మించి నాకు తెలియదు.